బి.ఎన్. రెడ్డి ఒకరా, ఇద్దరా?

మాస్టారూ, నమస్తే. మీరు అడిగింది ఇదీ: మీ హైస్కూల్ పిల్లల కోసం వంద మంది తెలుగు ప్రముఖుల మీద చిన్న పుస్తకం వేస్తున్నారు, ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. బి.ఎన్. రెడ్డి దగ్గరికి వచ్చేసరికి ఒక చోట సినిమా దర్శకుడని, ఇంకో చోట తెలంగాణ సాయుధ పోరాట యోధుడని, మిర్యాలగూడ ఎంపీ అని కనిపించింది. ఇద్దరూ ఒకరేనా? వేరైతే, మిగతా తొంభై తొమ్మిది పేజీల్లో ఇలాంటివి దొర్లకుండా ఎలా చూసుకోవాలి?

ఇద్దరూ వేరు. దర్శకుడు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి. పోరాట యోధుడు భీమిరెడ్డి నరసింహారెడ్డి. పేరు ఒకటే, ఇంటిపేరు మొదటి అక్షరం ఒకటే, దాంతో ఇద్దరూ బి.ఎన్. రెడ్డి అయ్యారు. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. పొడి అక్షరాలు విప్పి పూర్తి ఇంటిపేరు తెలుసుకునేదాకా ఆ మనిషి గురించి ఒక్క వాక్యం కూడా రాయకండి. ఇంటిపేరు తెలిశాక ఊరు చూడండి, తర్వాత ఏడు, అంటే సంవత్సరం చూడండి. ఇల్లు, ఊరు, ఏడు. ఈ మూడూ కుదిరితే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. విడిపోనివి కూడా కొన్ని ఉన్నాయి, వాటి సంగతి కింద చెప్తాను.

నేను ఒక దినపత్రిక రిఫరెన్స్ లైబ్రరీలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. పేపర్ క్లిప్పింగులు, ఫోటోలు కవర్లలో పెట్టి, మనిషికో కవరు చొప్పున బీరువాల్లో సర్దడం, డెస్క్ వాళ్ళు అడిగినప్పుడు తీసి ఇవ్వడం నా పని. రాత్రి తొమ్మిదింటికి ఎవరో పెద్దాయన పోయారని వార్త వస్తే పదింటికల్లా ఆయన ఫోటో, జీవిత విశేషాలు సబ్ ఎడిటర్ టేబుల్ మీద ఉండాలి. ఆ హడావుడిలో మాకు అసలు టెన్షన్ ఒకే పేరున్న మనుషులతోనే.

ముందు మీ ఇద్దరు బి.ఎన్. రెడ్డిలనీ పక్కపక్కన పెట్టి చూద్దాం. బొమ్మిరెడ్డి వారు 1908లో కడప జిల్లాలో పుట్టారు. మద్రాసులో వాహినీ సంస్థ పెట్టి 1939లో 'వందేమాతరం' తీశారు, 1951లో 'మల్లీశ్వరి' తీశారు. 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నారు. 1977లో కన్నుమూశారు. భీమిరెడ్డి వారిది అప్పటి నల్గొండ జిల్లా, ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని కర్విరాల కొత్తగూడెం. మల్లు స్వరాజ్యం గారు ఆయనకు స్వయానా చెల్లెలు. 1971, 1984, 1991 ఎన్నికల్లో మిర్యాలగూడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 2008 మే నెలలో పోయారు.

ఇక్కడ ఏడు ఎంత పని చేస్తుందో గమనించండి. సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరులో. 'మల్లీశ్వరి' విడుదలైంది అదే ఏడాది డిసెంబరులో. ఒకాయన అజ్ఞాతంలో దళాలు నడుపుతున్న రోజుల్లో ఇంకొకాయన మద్రాసు స్టూడియోలో సెట్ల మధ్య ఉన్నారు. ఇద్దరూ ఒకరే అనుకుని రాసేవాళ్ళు ఈ రెండు తేదీలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుంటే చాలు, కలం అక్కడే ఆగిపోతుంది. నేను ఎప్పుడూ వేసుకునే ప్రశ్న ఇదే: ఆ ఏడాది ఈ మనిషి అక్కడ ఉండే వీలుందా?

భీమిరెడ్డి వారు పోయిన రాత్రి నేను డ్యూటీలోనే ఉన్నాను. అప్పటికి రెండేళ్ళ ముందు మా పాత కవర్లన్నీ స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. బీరువాలో ఇద్దరికీ వేర్వేరు కవర్లు ఉండేవి. స్కాన్ చేసిన కుర్రాడు రెండు కవర్ల మీదా 'బి.ఎన్. రెడ్డి' అని ఉండటం చూసి రెండింటినీ ఒకే ఫోల్డర్‌లో వేసేశాడు. డెస్క్‌లో అబ్బాయి ఆ ఫోల్డర్ తెరిచి, మొదట కనబడిన మంచి ఫోటో తీసి పేజీలో పెట్టేశాడు. ప్రూఫ్ వచ్చింది. ఫోటోలో పెద్దాయన వెనక స్టూడియో లైటు స్టాండు కాలు ఒకటి కనిపిస్తోంది. నాకు అనుమానం వచ్చి బీరువా తెరిచి పాత కవరు తీశాను. ఖాకీ రంగు కవరు, అంచులు నలిగిపోయి ఉన్నాయి. దాని వెనక మా సీనియర్ ఎర్ర సిరాతో రాసిపెట్టారు: 'సినిమా. మ. 1977'. ఆ మూడు ముక్కలే ఆ రాత్రి మా పరువు కాపాడాయి. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట పోయిన దర్శకుడి ఫోటో పోరాట యోధుడి వార్త మీద పడితే, పొద్దున్నే సూర్యాపేటలో ఆ పేపర్ చేతిలో పట్టుకున్న మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

కవర్లు విడిగా ఉన్నన్నాళ్ళూ లేని గొడవ, ఒక్క ఫోల్డర్‌లో పడగానే వచ్చింది. ఇంటర్నెట్‌లో మీకు ఎదురైంది కూడా ఇదే. ఒకరు ఇద్దరినీ కలిపి ఒక పేరా రాస్తారు, పది మంది దాన్ని కాపీ కొడతారు. పది చోట్ల కనిపించింది కాబట్టి నిజమే అనుకుంటాం. ఆ పదీ ఒకే తప్పుకు నకళ్ళు.

బొమ్మిరెడ్డి వారింట్లోనే ఇంకో చిక్కు ఉంది. ఆయన తమ్ముడు నాగిరెడ్డి. ఆయన పేరూ పొడి అక్షరాల్లో రాస్తే బి.ఎన్. రెడ్డే అవుతుంది! అందుకే అన్నని బి.ఎన్. అని, తమ్ముడిని నాగిరెడ్డి అని పిలవడం సినిమా వాళ్ళలో స్థిరపడింది. చక్రపాణి గారితో కలిసి 1947లో 'చందమామ' మొదలుపెట్టింది తమ్ముడు, విజయా సంస్థ తమ్ముడిది. ఆయనకూ 1986 సంవత్సరానికి ఫాల్కే అవార్డు వచ్చింది. అంటే 'బొమ్మిరెడ్డి, ఫాల్కే అవార్డు' అని రాసుకున్నా మనిషి తేలడు. ఏ ఏడాది అవార్డో చూడాలి.

సరే, నాగిరెడ్డి దగ్గరికి వచ్చాం కదా, అక్కడ ఇంకొకాయన ఉన్నారు. తరిమెల నాగిరెడ్డి, అనంతపురం జిల్లా కమ్యూనిస్టు నాయకుడు. 1952 ఎన్నికల్లో జైల్లో ఉండి పోటీ చేసి, స్వయానా బావ అయిన నీలం సంజీవరెడ్డిని ఓడించారు. ఇద్దరు నాగిరెడ్డిలూ రాయలసీమ వాళ్ళే, ఒకే కాలం వాళ్ళే. ఒకాయన మద్రాసులో 'పాతాళ భైరవి' తీసిన మరుసటి ఏడాదే ఇంకొకాయన జైలు నుంచి గెలిచారు. ఆ 'పాతాళ భైరవి' దర్శకుడు కె.వి. రెడ్డి, అంటే కదిరి వెంకటరెడ్డి. పాత మద్రాసు రాజకీయాల పుస్తకాల్లో మీకు 'సర్ కె.వి. రెడ్డి' కనిపిస్తారు. ఆయన కూర్మా వెంకటరెడ్డి నాయుడు, జస్టిస్ పార్టీ నాయకుడు, 1936లో మద్రాసు గవర్నరుగా తాత్కాలికంగా పనిచేశారు, 1942లో పోయారు. 'మాయాబజార్' వచ్చింది 1957లో. ఇక్కడ ఏడు చూస్తే చాలు, ఇంటిపేరు దాకా కూడా వెళ్ళక్కర్లేదు.

ఇంతమంది ఎందుకు కలిసిపోతారు అంటే, మన పేర్లు పెట్టే తీరు అలాంటిది. తాత పేరు మనవడికి పెట్టుకుంటాం. ఇంటి ఇలవేల్పు పేరు పెట్టుకుంటాం. వెంకటేశ్వరుడు, నరసింహస్వామి, సుబ్రహ్మణ్యేశ్వరుడు, రాముడు, కృష్ణుడు. చివర రావో రెడ్డో శాస్త్రో చేరుతుంది. పేర్లు కొన్నే, మనుషులు కోట్లమంది. మనిషిని విడదీసి చూపించేది ఇంటిపేరు. ఆ ఇంటిపేరునే మనం ఒక్క అక్షరానికి కుదించేశాం! పైగా ఇంగ్లీషు పద్ధతిలో జాబితాలు తయారుచేసినప్పుడు చివరి మాటని ఇంటిపేరుగా పట్టుకున్నారు. దాంతో రెడ్డిలందరూ ఒక చోట, రావులందరూ ఒక చోట కుప్పపడ్డారు. ఏ పాత లైబ్రరీ కార్డుల డ్రాయర్ అయినా తెరిచి 'రావు' దగ్గర చూడండి, వేలు పెట్టే సందు ఉండదు.

సుబ్బారావునే తీసుకోండి. కోకా సుబ్బారావు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, 1967లో ఆ పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు. దువ్వూరి సుబ్బారావు 2008 నుంచి 2013 దాకా రిజర్వ్ బ్యాంక్ గవర్నర్. వీళ్ళిద్దరినీ ఎవరూ కలపరు. నండూరి సుబ్బారావు, ఎల్లాప్రగడ సుబ్బారావుల సంగతి అలా కాదు. 'ఎంకి పాటలు' రాసిన నండూరి వారు పుట్టింది 1895లో, ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా వసంతవాడలో. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్‌ల మీద అమెరికాలో పనిచేసిన ఎల్లాప్రగడ వారు పుట్టిందీ 1895లోనే, భీమవరంలో. ఏడూ ఒకటే, జిల్లా ఒకటే! అందుకే నేను ఇంటిపేరుకి మొదటి స్థానం ఇస్తాను. అన్నట్టు, ఎల్లాప్రగడ వారి పేరు ఇంగ్లీషులో 'రావు' చివర డబ్ల్యూ పెట్టి రాస్తారు. మామూలు స్పెల్లింగ్‌తో వెతికితే ఆయన గురించిన మంచి వ్యాసాలు సగం దొరకవు.

సినిమా వాళ్ళతో రెట్టింపు జాగ్రత్త. ఎస్. జానకి అనగానే మనకి గాయని గుర్తొస్తారు. శిష్ట్లా జానకి, 1938లో గుంటూరు జిల్లా రేపల్లె తాలూకా పల్లపట్లలో పుట్టారు. షావుకారు జానకి ఇంటిపేరు శంకరమంచి. అంటే ఆవిడా ఎస్. జానకే. 1931లో రాజమండ్రిలో పుట్టారు. 1950లో వచ్చిన 'షావుకారు' ఆవిడ పేరు ముందు చేరి ఆవిడని వేరుగా నిలబెట్టింది. గాయని జానకి సినిమాల్లో పాడటం మొదలుపెట్టింది 1957లో. కాబట్టి 1950, 1956 మధ్య పాత పోస్టర్ మీదో పత్రికలోనో ఒక జానకి కనిపిస్తే అది గాయని అయ్యే వీలు లేదు. చిత్తూరు నాగయ్య గారి పేరు ముందు ఊరు ఎలా కలిసిందో, జానకి గారి పేరు ముందు సినిమా అలా కలిసింది. ఎవరో కాస్త తెలివైనవాళ్ళు ఆనాడే పడ్డ జాగ్రత్తలు ఇవి.

జి. వరలక్ష్మి, ఎస్. వరలక్ష్మి విషయంలో మాత్రం ఏడు సాయం చేయదు. ఇద్దరూ ఒకే తరం, ఇద్దరూ నటీమణులు, ఇద్దరూ పాడేవాళ్ళు. గరికపాటి వరలక్ష్మి 2006లో, సరిదె వరలక్ష్మి 2009లో పోయారు. పొడి అక్షరం వదిలేసి 'వరలక్ష్మి నటించిన చిత్రం' అని ఎక్కడైనా ఉంటే సినిమా టైటిల్స్ చూడటం ఒక్కటే దారి. నేను అలాగే చేసేవాణ్ణి. ఇప్పుడు మీకు ఫోన్‌లోనే ఆ సినిమాలు దొరుకుతున్నాయి, మొదటి మూడు నిమిషాలు చూస్తే చాలు.

శ్రీరంజనుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. సీనియర్ శ్రీరంజని 1939లో పోయారు. ఆవిడ చెల్లెలు మహాలక్ష్మి అక్క పేరు పెట్టుకుని జూనియర్ శ్రీరంజని అయ్యారు. అంటే ఇక్కడ ఒకే ఇల్లు, ఒకే పేరు, ఒకే వృత్తి. ఇలాంటి చోట సీనియర్, జూనియర్ అన్న మాట ఎప్పుడూ వదలకండి, పేజీలో చోటు చాలకపోయినా సరే.

ఇద్దరు జి. వెంకటేశ్వరరావులు ఉన్నారు: గాయకుడు ఘంటసాల, నటుడు గుమ్మడి. జనం వీళ్ళిద్దరినీ ఇంటిపేరుతోనే పిలుచుకున్నారు కాబట్టి చిక్కు రాలేదు. కానీ ఇంటిపేరు ఒక్కటే మిగిలినా ప్రమాదమే. ఘంటసాల అంటే గాయకుడే కాదు, అక్కినేని నాగేశ్వరరావుని 1944లో 'సీతారామ జననం'తో హీరోని చేసిన ఘంటసాల బలరామయ్య కూడా. కృష్ణా జిల్లాలో బౌద్ధ స్తూపం ఉన్న ఊరు పేరు కూడా. గుమ్మడి అంటే నటుడే కాదు, గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. పింగళి అంటే జెండా వెంకయ్య గారా, 'మాయాబజార్' మాటల నాగేంద్రరావు గారా, అష్టదిగ్గజాల్లో చెప్పుకునే సూరన గారా?

ఒక విషయం ప్రత్యేకంగా మీ పిల్లల కోసం చెప్తాను. 'దాశరథీ శతకం' రాసింది భద్రాచల రామదాసు, అంటే కంచెర్ల గోపన్న. అక్కడ దాశరథి అంటే దశరథుడి కొడుకు, రాముడు. దాశరథి కృష్ణమాచార్య గారు ఇరవయ్యో శతాబ్దం కవి, దాశరథి ఆయన ఇంటిపేరు. ఆయన తమ్ముడు రంగాచార్య గారు నవలలు రాశారు. వ్యాసరచన పోటీ పేపర్లు దిద్దినప్పుడు కృష్ణమాచార్య గారి ఖాతాలో ఈ శతకం పడటం నేను ఒకటి కాదు, చాలాసార్లు చూశాను. ఇంకా, ఆ రామదాసు వేరు, శివాజీ కాలం నాటి మహారాష్ట్ర సమర్థ రామదాసు వేరు. ఇద్దరూ పదిహేడో శతాబ్దం వాళ్ళే కాబట్టి ఇక్కడా జాగ్రత్త.

పొడి అక్షరాల్లో ఇంటిపేరు ఎప్పుడూ ఉంటుందని కూడా అనుకోకండి. ఎల్.వి. ప్రసాద్ గారి ఇంటిపేరు ఎల్ కాదు. ఆయన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన సినిమా దర్శకుడు, నిర్మాత. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి చూసి ఆయన పెద్ద కంటి డాక్టరని రాసినవాళ్ళు ఉన్నారు. ఆ సంస్థను 1987లో మొదలుపెట్టిన కంటి డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు. ప్రసాద్ గారి కుటుంబం స్థలం, విరాళం ఇచ్చింది కాబట్టి ఆయన పేరు పెట్టారు. చూశారా, మళ్ళీ ఒక నాగేశ్వరరావు వచ్చారు! కాశీనాథుని, అక్కినేని, పెండ్యాల, గుళ్ళపల్లి. ఒకరు ఆంధ్రపత్రిక, ఒకరు నటన, ఒకరు సంగీతం, ఒకరు కంటి వైద్యం. మీ వంద మందిలో ఈ నలుగురూ ఉండదగ్గవాళ్ళే.

సంస్థల పేర్లు, రోడ్ల పేర్లు కూడా ఇలాగే తికమక పెడతాయి. హైదరాబాద్ కొండాపూర్‌లో సి.ఆర్. ఫౌండేషన్ ఉంది. అది చండ్ర రాజేశ్వరరావు గారి పేరు మీద పెట్టింది. ఆయన 1964 నుంచి 1990 దాకా సీపీఐ ప్రధాన కార్యదర్శి. అక్కడికి దగ్గర్లోనే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో సి.ఆర్. రావు పేరుతో గణిత సంస్థ ఉంది. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త, 2023లో నూట రెండేళ్ళ వయసులో పోయారు. పాత పుస్తకాల్లో సి.ఆర్. అంటే రాజాజీ. సి.ఆర్. రెడ్డి అంటే కట్టమంచి రామలింగారెడ్డి, ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి వైస్ ఛాన్సలర్. రెండు అక్షరాల వెనక నలుగురు నిలబడి ఉన్నారు.

దీనికి తిరగబడ్డ తప్పు ఇంకోటి ఉంది: ఒకే మనిషిని ఇద్దరు చేయడం. మా బీరువాలో ఆరుద్రకి ఒక కవరు, భాగవతుల శంకరశాస్త్రికి ఇంకో కవరు చాలా ఏళ్ళు విడివిడిగా ఉన్నాయి. బుచ్చిబాబు, శివరాజు వెంకట సుబ్బారావు కూడా ఒకరే. కలం పేరు ఉన్న రచయితల దగ్గర అసలు పేరు పక్కనే రాసుకోండి, లేకపోతే మీ వందలో తొంభై ఎనిమిది మందే మిగులుతారు.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. ఇదంతా ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

ఒక మధ్యాహ్నం అరవై దాటిన ఒకావిడ మా లైబ్రరీకి వచ్చారు. చేతిలో జిప్పు సంచి. అందులోంచి ముందు రోజు మా పేపర్, పల్చటి పుస్తకం ఒకటి తీసి నా టేబుల్ మీద పెట్టారు. మా సాహిత్య పేజీలో పేరున్న కవిగారి మీద వ్యాసం వచ్చింది, చివర ఆయన రచనల జాబితా. ఆ జాబితాలో రెండు ఖండకావ్యాలు వాళ్ళ నాన్నగారివి. పేరు ఒకటే, ఇంటిపేరు మొదటి అక్షరం ఒకటే. జాబితా వెళ్ళింది నేను రాసిన కార్డులోంచి. పుస్తకం తెరిచి చూశాను. మొదటి పేజీలో పూర్తి ఇంటిపేరుతో ఆయన పేరు, కింద ఊరు, 1958, వెల ఒక రూపాయి. లోపల అచ్చుతప్పులని ఆయనే నీలం సిరాతో ఒక్కొక్కటీ దిద్దుకున్నారు. ఒక చోట దీర్ఘం పడకపోతే చిన్న గీత గీసి పెట్టారు. ఎలిమెంటరీ స్కూల్ మాస్టరుగారట, జీతంలో మిగిల్చి అచ్చు వేయించుకున్నారట. ఆవిడ గొడవ పడలేదు, కేసు వేస్తాననలేదు. "మా నాన్న రాసినవి ఆ రెండే బాబూ. అవీ ఆయనవి కాకపోతే ఇంక ఆయన రాసినట్టు ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

మూడో రోజు లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ వేయించగలిగాను. కార్డు చించేసి రెండు కార్డులు రాశాను. కానీ ఆ వ్యాసం కత్తిరించి దాచుకున్నవాళ్ళు ఎంతమందో, వాళ్ళలో ఆ సవరణ ఎందరు చూశారో నాకు ఇప్పటికీ బెంగే. పెద్ద పేరు ఎప్పుడూ చిన్న పేరుని మింగేస్తుంది. పేరున్న కవిగారికి ఆ రెండు పుస్తకాలు కలిసినా ఒరిగేదేమీ లేదు. పోయింది మాత్రం ఆ మాస్టరుగారికి మొత్తం. అప్పటినుంచి నేను పుస్తకం మొదటి ముద్రణ లోపలి పేజీ కళ్ళారా చూడకుండా ఏ రచననీ ఎవరి ఖాతాలోనూ వేయలేదు.

పాతకాలం వాళ్ళ దగ్గర ఇంటిపేరు పద్ధతి పనిచేయదు. అక్కడ వంశం, రాజధాని చూడాలి. ప్రతాపరుద్రుడు అని ఉంటే మీకు ముగ్గురు దొరుకుతారు. వేయిస్తంభాల గుడి కట్టించిన కాకతీయ రుద్రదేవుడిని కొందరు మొదటి ప్రతాపరుద్రుడంటారు. రుద్రమదేవి మనవడు, 1323లో ఓరుగల్లు పడిపోయినప్పుడు పట్టుబడ్డ ఆఖరి కాకతీయ రాజు రెండో ప్రతాపరుద్రుడు. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి, కొండవీడు గెలుచుకున్నది వీళ్ళెవరి మీదా కాదు, ఒడిశా గజపతి ప్రతాపరుద్రుడి మీద. ఓరుగల్లుకీ ఆయనకీ రెండు వందల ఏళ్ళ దూరం. పిల్లల పుస్తకంలో 'కాకతీయ', 'గజపతి' అన్న మాటలు తప్పకుండా పడాలి.

నాగార్జునుడి దగ్గర పండితులు కూడా ఇంకా తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. శూన్యవాదం చెప్పిన బౌద్ధాచార్యుడు ఒకరు, రసవాదం చేసిన సిద్ధ నాగార్జునుడు ఇంకొకరు అని ఎక్కువమంది చరిత్రకారుల మాట. టిబెట్ సంప్రదాయంలో మాత్రం ఇద్దరి కథలూ కలిసిపోయి, ఒకే మనిషి కొన్ని వందల ఏళ్ళు బతికినట్టు చెప్తారు. ఇలాంటి చోట మీరు తీర్పు ఇవ్వకండి. 'ఆచార్య నాగార్జునుడు' అని పేజీకి పేరు పెట్టి, ఇనుమును బంగారం చేశాడన్న కథలు ఆ పేజీలోకి రానివ్వకుండా చూసుకుంటే చాలు.

ఇక మీ పనికి వస్తాను. ప్రతి మనిషికీ ఒక పోస్టుకార్డంత కాగితం పెట్టుకోండి. పైన పూర్తి ఇంటిపేరుతో పేరు, పక్కన పుట్టిన ఊరు, కింద పుట్టిన, పోయిన సంవత్సరాలు. ఆ తర్వాత ఒక్కో విషయం రాసేటప్పుడు అది ఎక్కడ చూశారో కూడా రాసుకోండి. ఎంపీల వివరాలకి లోక్‌సభ సభ్యుల పరిచయాలు, సినిమా వాళ్ళకి టైటిల్స్, రచయితలకి మొదటి ముద్రణలు. మన పెద్దవాళ్ళ పుట్టిన సంవత్సరాలు ఒకటి రెండు ఏళ్ళు అటూ ఇటూ కనిపిస్తుంటాయి. బడిలో వేసిన తేదీ వేరు, ఇంట్లో చెప్పే తేదీ వేరు. ఆ మాత్రం తేడా చూసి ఇద్దరు మనుషులని అనుకోకండి. చేసిన పనులు ఏ ఏడాదివో చూడండి, అవి అంత తొందరగా అబద్ధం చెప్పవు.

ఫోటోలే అన్నిటికన్నా కష్టం. కంప్యూటర్‌లో దాచేటప్పుడు ఫైలు పేరులో ఇంటిపేరు, సంవత్సరం రెండూ పెట్టండి, 'బొమ్మిరెడ్డి 1908' అన్నట్టు. వీలైతే కుటుంబ సభ్యులకో, ఆ ఊరి వాళ్ళకో ఒకసారి చూపించండి. భీమిరెడ్డి వారి ఫోటో సూర్యాపేట వైపు పాత కార్యకర్త ఎవరికి చూపించినా ఒక్క క్షణంలో చెప్తారు.

బి.ఎన్. రెడ్డి పేజీని రెండు చేయండి. ఎదురెదురు పేజీల్లో, ఎడమవైపు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి, కుడివైపు భీమిరెడ్డి నరసింహారెడ్డి. రెండింటిలోనూ 1951 అన్న అంకె కాస్త పెద్దగా వేయించండి. మీ పుస్తకంలో వంద మంది కాస్తా నూట ఒక్కరు అవుతారు, ఫర్వాలేదు.